నీటి ధారలో ఉపాధి.. పని నేర్వకుంటే అప్పుల ఊబి

ప్రెషర్ వాషింగ్ వ్యాపారంలో యంత్రం కంటే అనుభవానిదే పైచేయి
నీరు, మురుగు, కరెంటు, లెక్క.. నాలుగూ కుదిరితేనే లాభం
తొలి ఏడాదే అసలు పరీక్ష

శ్రీకూర్మం: ఒక మోటారు, ఒక పంపు, పొడవాటి గొట్టం, చేతిలో గన్ను. దూరం నుంచి చూసేవారికి వాటర్ సర్వీసింగ్ వ్యాపారమంటే ఇంతే. నీళ్లు కొట్టి డబ్బులు తీసుకోవడమే కదా అన్న తేలిక భావం ఈ రంగంలోకి కొత్తవారిని నడిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి వారిని అప్పుల పాలు చేసేదీ ఆ తేలిక భావమే. యంత్రం డబ్బు పెడితే దొరుకుతుంది. దానిని ఎక్కడ, ఎంత దూరం నుంచి, ఎంతసేపు వాడాలో, ఎక్కడ అసలు వాడకూడదో తెలియడం మాత్రం డబ్బుతో రాదు.

ఉత్తరాంధ్రలో ఈ చిన్న వ్యాపారం గురించి ఇంతగా ఆలోచించవలసిన కారణం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వలస కొత్త మాట కాదు. విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై నగరాలకు భవన నిర్మాణ పనుల కోసం, గుజరాత్ రేవులకు చేపల వేట కోసం ఇక్కడి కుటుంబాలు ఏళ్ల తరబడి తరలివెళ్తూనే ఉన్నాయి. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్ చేతికి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో అత్యధికులు 2020 జనవరిలో గానీ స్వదేశం చేరలేదు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో నగరాల నుంచి తిరిగివచ్చిన కూలీల కష్టాలను జిల్లా కళ్లారా చూసింది. పరాయి ఊళ్లో పడిన శ్రమకు మిగిలిన రెండు మూడు లక్షల రూపాయలతో సొంత ఊళ్లోనే ఏదో ఒక పని చేసుకుందామనుకునే వారికి కనిపించే కొద్ది దారుల్లో వాటర్ సర్వీసింగ్ ఒకటి. ఆ సొమ్ము పోతే మళ్లీ రైలెక్కడం తప్ప గత్యంతరం ఉండదు. కాబట్టి ఇక్కడ పందెంలో ఉన్నది యంత్రం ఖరీదు మాత్రమే కాదు, ఒక కుటుంబం పదేళ్ల కష్టార్జితం.

ఆలయ గ్రామంలో అవకాశాలెన్ని?

గార మండలంలోని శ్రీకూర్మం, విష్ణువు కూర్మావతారంలో పూజలందుకుంటున్న అరుదైన క్షేత్రం. శ్రీకూర్మనాథుని దర్శనానికి, శ్వేత పుష్కరిణిలో స్నానానికి, పితృకార్యాలకు ఏడాది పొడవునా భక్తులు వస్తారు. డోలోత్సవం నాడు రద్దీ మరింత పెరుగుతుంది. శ్రీకాకుళం నగరం, అరసవల్లి సూర్యదేవాలయం, కళింగపట్నం తీరం, శాలిహుండం బౌద్ధ క్షేత్రం చుట్టుపక్కలే ఉన్నాయి. యాత్రికుల కార్లు, ఆటోలు, టూరిస్టు వాహనాలకు కొదవ లేదు.

అయితే యాత్రికుని వాహనాన్ని నమ్ముకుని కేంద్రం పెట్టడం పొరపాటు. దర్శనానికి వచ్చినవారు వెనక్కు వెళ్లే తొందరలో ఉంటారు. కారు కడిగించుకోవడానికి అరగంట ఆగేవారు తక్కువ. ఈ వ్యాపారాన్ని నిలబెట్టేది చుట్టుపక్కల గ్రామాల్లోని ద్విచక్ర వాహనాలు, ఆటోలు, ట్రాక్టర్లు, సరకు రవాణా వాహనాలే. ఖరీఫ్ దమ్ములు ముగిశాక బురదతో నిండిన ట్రాక్టర్లు, నూర్పిళ్లు పూర్తయ్యాక దుమ్ము పట్టిన యంత్రాలు, సంక్రాంతికి ముందు ఇంటికి చేరే బండ్లు, దసరా ఆయుధపూజకు ముస్తాబయ్యే లారీలు, ఆటోలు.. ఈ వ్యాపారానికి వ్యవసాయ పంచాంగమే అసలు పంచాంగం.

రెండో మార్గం ఇళ్ల వద్దకే వెళ్లి చేసే పని. వానలకు పాకుడు పట్టిన డాబాలు, కల్యాణ మండపాల నేలలు, పాఠశాలల ప్రాంగణాలు, రైసుమిల్లుల కళ్లాలు, కోళ్ల షెడ్లు, పశువుల శాలలు దీని పరిధిలోకి వస్తాయి. జల్లు పడిన నాడు బండి కడిగించుకునేవారు ఉండరు. పాకుడు పట్టిన డాబా యజమానికి మాత్రం వానాకాలం వెళ్లగానే ఈ పని అవసరమవుతుంది. ఒక గిరాకీ తగ్గినప్పుడు మరొకటి ఆదుకునేలా రెండు మార్గాలనూ కలిపి నడపగలిగితేనే చిన్న ఊళ్లో ఇది పూర్తికాల జీవనోపాధి కాగలదు.

పీడనం ఒక్కటే బలం కాదు

కొత్తవారు చేసే మొదటి తప్పు యంత్రం ఎంపికలోనే జరుగుతుంది. దుకాణంలో యంత్రం మీద రాసిన బార్ల సంఖ్యను చూసి, అది ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటారు. ఒక బార్ అంటే దాదాపు 14.5 పి.ఎస్.ఐ. ఇంటి అవసరాలకు అమ్మే చిన్న యంత్రం 100 బార్లకు పైగా పీడనం ఇచ్చినా నిమిషానికి వదిలే నీరు ఆరేడు లీటర్లే. మురికిని ఊడదీసేది పీడనమైతే, ఊడిన మురికిని మోసుకుపోయేది నీటి పరిమాణం. పీడనం ఉండి నీరు చాలకపోతే ట్రాక్టరు చక్రానికి పట్టిన బంకమట్టిని కడగడానికి గంట పడుతుంది. చిన్న యంత్రం అంతసేపు నిరంతరాయంగా నడిచేందుకు తయారైనది కాదు. నెలల వ్యవధిలోనే మోటారు కాలిపోవచ్చు.

మోటారు శక్తిని అంచనా వేయడానికి తేలికైన లెక్క ఒకటి ఉంది. బార్లను నిమిషానికి లీటర్లతో గుణించి 600తో భాగిస్తే నీటికి అందవలసిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. 100 బార్ల పీడనంతో నిమిషానికి 15 లీటర్లు కావాలంటే 2.5 కిలోవాట్లు, అంటే దాదాపు మూడున్నర హార్స్‌పవర్ నీటికే కావాలి. పంపులో, బెల్టులో పోయే నష్టాన్ని కలుపుకుంటే 5 హార్స్‌పవర్ మోటారు అవసరం. రెండు హార్స్‌పవర్ మోటారుతో ఈ రెండు సంఖ్యలూ సాధ్యమని ఎవరైనా చెబితే ఆ మాటను నమ్మనక్కరలేదు. కొనుగోలుకు ముందు ఈ ఒక్క లెక్క వేసుకుంటే సగం మోసాలు తప్పుతాయి.

నాజిల్ సంగతి కూడా ఇంతే ముఖ్యం. సాధారణంగా ఎరుపు రంగు నాజిల్ సూదిలా సున్నా డిగ్రీల ధారను, పసుపు 15 డిగ్రీలు, ఆకుపచ్చ 25 డిగ్రీలు, తెలుపు 40 డిగ్రీల విసనకర్ర ధారను ఇస్తాయి. నలుపు సబ్బు నీటికి. ఎరుపు నాజిల్‌తో రంగు వేసిన ఉపరితలాన్ని తాకితే రంగు లేచిపోతుంది. నైపుణ్యం గల పనివాడు తెలుపుతో మొదలుపెట్టి, అవసరమైతేనే ఆకుపచ్చకు వస్తాడు. ముందు దూరం నుంచి కొట్టి, ఆ తరువాతే గన్నును దగ్గరకు జరుపుతాడు. కొత్తవాడు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తాడు.

పంపు ఆయుష్షు కూడా అలవాట్ల మీదే ఆధారపడి ఉంటుంది. నీరు అందకుండా పంపును నడిపితే సీళ్లు నిమిషాల్లో దెబ్బతింటాయి. ట్రిగ్గర్ వదిలేసి మోటారును అలాగే తిరగనిస్తే లోపల తిరిగే కొద్దిపాటి నీరు వేడెక్కి అదే పని చేస్తుంది. లోనికి వెళ్లే నీటికి జల్లెడ లేకపోతే ఇసుక రేణువులు వాల్వులను అరగదీస్తాయి. కొత్త పంపులో నూనెను తయారీదారు చెప్పిన తొలి గడువుకే మార్చాలి. ఈ నాలుగు జాగ్రత్తలకూ ఖర్చు లేదు. పాటించకపోతే అయ్యే ఖర్చు మాత్రం నెల సంపాదనను మింగేస్తుంది.

కడగడం కంటే కడగకూడనిది తెలియాలి

దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాల వాహనాలే అమ్ముడవుతున్నాయి. వీటిలో సెన్సర్లు, వైర్ల అనుసంధానాలు మునుపటి కంటే ఎక్కువ. విద్యుత్ ఆటోలు, స్కూటర్లు కూడా పల్లెలకు చేరాయి. పాతకాలపు జీపు ఇంజనుకు కొట్టినట్టు వీటికి నీరు కొడితే బండి కదలదు. అప్పుడు ఎనభై రూపాయల పనికి వేల రూపాయల నష్టపరిహారం చెల్లించుకోవలసి వస్తుంది. ఇంజను భాగాన్ని తక్కువ పీడనంతో, లేదా తడిగుడ్డతో శుభ్రం చేయడమే క్షేమం. సైలెన్సరు రంధ్రాన్ని మూసిన తరువాతే నీరు కొట్టాలి. చక్రాల బేరింగుల మీదకు నేరుగా ధార పంపితే లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. చెయిన్ కడిగాక ఆరబెట్టి నూనె వేయకపోతే తుప్పు పడుతుంది. రేడియేటరు పలుచటి రెక్కలు వంగిపోతే ఇంజను వేడెక్కుతుంది. టైరు పక్కగోడకు మరీ దగ్గరగా ధార తగిలితే రబ్బరు కంటికి కనిపించకుండా దెబ్బతింటుంది. కాగుతున్న ఇంజను మీద చన్నీరు కొట్టరాదు.

కొన్ని కేంద్రాల్లో పాత అలవాటుగా వాహనం అడుగు భాగానికి డీజిల్ చిమ్ముతుంటారు. ఇది మెరుపునిచ్చే మాట నిజమే కానీ రబ్బరు భాగాలను మెత్తబరుస్తుంది. నేలను, నీటిని పాడుచేస్తుంది. బట్టల సబ్బు పొడి కూడా బండి రంగును క్రమంగా మసకబారుస్తుంది. వాహనాల కోసం తయారైన షాంపూ కొంత ఖరీదైనా, వచ్చిన ఖాతాదారు మళ్లీ రావడానికి అదే కారణమవుతుంది.

ఇళ్ల వద్ద పనిలో ప్రమాదాలు వేరు. సున్నం వేసిన గోడలు పెచ్చులూడతాయి. డాబాపై నీరు దిగకుండా వేసిన పూత లేచిపోతే తరువాతి వానకు ఇల్లు కారుతుంది. నింద పనివాడి మీదే పడుతుంది. సిమెంటు రేకుల కప్పుల సంగతి ఇంకా తీవ్రమైనది. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. అధిక పీడనపు నీటితో కొడితే ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల జబ్బులు తెచ్చే సన్నటి పోగులు విడుదలవుతాయి. బరువుకు రేకు విరిగి మనిషి పడిపోయే ముప్పు కూడా ఉంది. ఈ పనిని ఎంత డబ్బిస్తామన్నా ఒప్పుకోకపోవడమే మేలు.

పాచి పోవడానికి బ్లీచింగ్, మరకలకు యాసిడ్ వాడడం మామూలే. ఈ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుందన్న సంగతి తెలియని పనివారే ప్రమాదాలకు గురవుతారు. ఒకదాని తరువాత మరొకటి ఒకే చోట వాడవలసి వస్తే మధ్యలో పుష్కలంగా నీటితో కడగాలి. యాసిడ్ పాలరాతిని, సున్నాన్ని తినేస్తుంది. పని మొదలుపెట్టే ముందు మూలన చేతి వెడల్పు చోట కడిగి చూపించి, యజమాని సరేనన్నాకే ముందుకు వెళ్లడం, ముందే ఉన్న పగుళ్లను, గీతలను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం ఈ వృత్తిలో మొదటి పాఠాలు.

శాసనాల జోలికి వద్దు

శ్రీకూర్మం వంటి ఊళ్లో ఈ వ్యాపారానికి మరో హద్దు ఉంది. ఇక్కడి ఆలయ స్తంభాల మీద తూర్పు గాంగుల కాలం నాటివి మొదలుకొని ఎన్నో శాసనాలున్నాయి. ప్రాకారంలోని కుడ్యచిత్రాలకు కళాచరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. పండుగకు ముందు శుభ్రం చేద్దామన్న సదుద్దేశంతోనైనా ఇటువంటి చోట ప్రెషర్ వాషర్ తీస్తే, శతాబ్దాలుగా నిలిచిన అక్షరం ఒక్క నిమిషంలో అరిగిపోతుంది. పోయిన అక్షరాన్ని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు.

అమెరికాలోని మౌంట్ రష్‌మోర్ శిల్పాలను 2005లో జర్మనీకి చెందిన కార్షర్ సంస్థ వేడినీటి ధారతో శుభ్రం చేసిన ఉదంతాన్ని కొందరు ప్రస్తావిస్తుంటారు. అది కఠినమైన గ్రానైటు. ఆ పనిని నిపుణులు రసాయనాలు లేకుండా, సంరక్షణ అధికారుల పర్యవేక్షణలో చేశారు. సున్నపు పూతలు, రంగుల చిత్రాలు, మెత్తబడిన పాత రాయి ఉన్న కట్టడాలకు ఆ పోలిక చెల్లదు. శాలిహుండం వంటి రక్షిత కట్టడాలకు నష్టం కలిగించడం 1958 నాటి పురావస్తు చట్టం ప్రకారం నేరం. పాత ఆలయాలకు సంబంధించిన ఏ పనైనా దేవాదాయ, పురావస్తు శాఖల నిపుణుల ద్వారానే జరగాలి. కొత్త వ్యాపారి గుడి బయటి వాహనాల నిలుపుదల స్థలాన్ని, సిమెంటు నేలలను కడగవచ్చు. ధ్వజస్తంభం దాటి గన్ను తీసుకువెళ్లరాదు.

నీరు ఎక్కడిది.. మురుగు ఎక్కడికి?

నిమిషానికి 15 లీటర్ల యంత్రంతో ద్విచక్ర వాహనానికి నాలుగు నిమిషాలు ధార కొడితే 60 లీటర్లు, కారుకు పది నిమిషాలైతే 150 లీటర్లు ఖర్చవుతాయి. రోజుకు పదిహేను వాహనాలు వస్తే వెయ్యి లీటర్లు దాటుతుంది. దీనికి పంచాయతీ కుళాయి నీటిని వాడడం తగదు. వేసవిలో ఊరు బిందెలు పట్టుకుని నిలబడినప్పుడు మొదట ఎదురుతిరిగేది ఆ ఊరి జనమే. 2024 మార్చిలో బెంగళూరు నీటి ఎద్దడి వేళ తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా విధించారు. మహానగరానికి వచ్చిన ఆ పరిస్థితి పల్లెకు రాదన్న భరోసా లేదు.

సొంత బోరు కావాలంటే 2002 నాటి వాల్టా చట్టం నిబంధనలను పాటించాలి. వ్యవసాయ బోరుకు ఇచ్చిన ఉచిత విద్యుత్తుతో ఈ వ్యాపారం నడపడం అక్రమం. తీర మండలాల్లో మరో చిక్కు ఉప్పు నీరు. ఉప్పు, సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్న నీరు పంపు లోహభాగాలను తుప్పు పట్టిస్తుంది. ఆరిన తరువాత బండి మీద తెల్లని మచ్చలు మిగులుస్తుంది. అందువల్ల స్థలానికి అడ్వాన్సు ఇచ్చే ముందే అక్కడి నీటిని పరీక్ష చేయించుకోవడం వివేకం. నీరు బాగోలేని చోట ఎంత మంచి యంత్రం పెట్టినా ఫలితం ఉండదు.

వచ్చే నీటి కంటే పోయే నీరు పెద్ద సమస్య. ఆ నీటిలో మట్టితో పాటు ఇంజను నూనె, గ్రీజు, సబ్బు కలిసి ఉంటాయి. పర్యావరణ నిబంధనల ప్రకారం చెరువులు, కాలువల్లోకి వదిలే వ్యర్థజలాల్లో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించరాదు. రోడ్డు పక్క కాలువలోకి వదిలిన మురుగు పొలానికో, చెరువుకో చేరుతుంది. పుష్కరిణి ఉన్న ఊళ్లో ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దీనికి పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. మూడు గదుల తొట్టె కట్టుకుంటే మొదటి గదిలో ఇసుక, మట్టి అడుగుకు దిగుతాయి. రెండో గదిలో నూనె పైకి తేలుతుంది. ఆ నూనె అడుగున ఉన్న నీటిని మాత్రమే వంపు గొట్టం ద్వారా మూడో గదికి పంపాలి. తేలిన నూనెను డబ్బాలో తీసి అధీకృత సేకరణదారుకు ఇవ్వాలి. షెడ్డు నేల పోసేటప్పుడే ఈ తొట్టెకు వాలు పెట్టుకోకపోతే తరువాత నేలంతా పగలగొట్టాల్సిందే.

చేతిలో గన్ను.. కాళ్ల కింద కరెంటు

నీరు, విద్యుత్తు ఒకే చోట పనిచేసే వృత్తి ఇది. సరైన ఎర్తింగ్, 30 మిల్లీయాంపుల లీకేజీకే కరెంటును ఆపివేసే ఆర్.సి.సి.బి. పరికరం, రబ్బరు బూట్లు లేకుండా మోటారు స్విచ్ వేయరాదు. అతుకులు వేసిన వైరును తడి నేల మీద ఈడ్చడం మృత్యువును ఆహ్వానించడమే.

ధార వల్ల కలిగే గాయాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అధిక పీడనపు నీరు చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాటు మాత్రమే కనిపిస్తుంది. మురికి, క్రిములు లోపలికి చేరి, ఆలస్యమైతే వేలు, చేయి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అటువంటి గాయమైతే పసుపు రాసి ఊరుకోకుండా వెంటనే శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ఏ పరికరంతో గాయమైందో వైద్యునికి చెప్పాలి. సరదాకైనా గన్నును మనిషి వైపు, పశువు వైపు తిప్పరాదు. కళ్లద్దాలు తప్పనిసరి. నిచ్చెనపై నిలబడి గన్ను నొక్కితే వెనక్కు తన్నే బలానికి మనిషి పడిపోతాడు.

కాగితం మీద లెక్క

ఉదాహరణకు ఒక చిన్న కేంద్రాన్ని ఊహించుకుందాం. రెండు లక్షల రూపాయల రుణం, 12 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా దాదాపు 6,643 రూపాయలు. స్థలం అద్దె 4,000, విద్యుత్తు 3,000, సహాయకుని జీతం 12,000, షాంపూ, నూనె, మరమ్మతులకు 4,000 చొప్పున వేసుకుంటే ఖర్చు 29,643 రూపాయలకు చేరుతుంది. యజమాని తన శ్రమకు 15,000 రూపాయలు కట్టుకుంటే మొత్తం 44,643. నెలకు 26 పనిదినాలైతే రోజుకు 1,717 రూపాయలు రావాలి. ద్విచక్ర వాహనానికి 80, కారుకు, ట్రాక్టరుకు 300 చొప్పున ధర అనుకుంటే రోజూ రెండు కార్లు, ఒక ట్రాక్టరు, 11 ద్విచక్ర వాహనాలు వస్తేనే లెక్క సరిపోతుంది. వానలకు ఆరు రోజులు పని ఆగితే మిగిలిన 20 రోజుల్లో రోజుకు 2,232 రూపాయలు సంపాదించాలి.

ఈ అంకెలు ఊరిని బట్టి మారతాయి. మారనిది ఒకటే. చాలామంది కొత్తవారు తమ శ్రమకు జీతం కట్టుకోరు, మరమ్మతులకు సొమ్ము పక్కన పెట్టరు. సాయంత్రానికి గల్లాలో కనిపించిన డబ్బంతా లాభమనుకుంటారు. పక్క కేంద్రం 80 తీసుకుంటే తాము 50కే చేస్తామని బోర్డు పెడతారు. ఆరు నెలలకు పంపు సీళ్లు పోయినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ధర తగ్గించి తెచ్చుకున్న ఖాతాదారు మరొకరు ఇంకా తగ్గించగానే వెళ్లిపోతాడు. చెప్పిన సమయానికి బండి ఇచ్చి, చెయిన్‌కు నూనె వేసి, బ్రేకు సరిచూసి పంపినవారి దగ్గరకు మాత్రం తిరిగి వస్తాడు. ఆటో సంఘాలు, ట్రాక్టరు యజమానులు, పాఠశాల బస్సుల నిర్వాహకులతో నెలవారీ ఒప్పందం కుదుర్చుకోవడం బోర్డు కంటే బలమైన ప్రచారం. అరువు విషయంలో మాత్రం మొదటి రోజు నుంచే నిక్కచ్చిగా ఉండాలి.

తుపాను తీరంలో వ్యాపారానికి నిల్వ సొమ్ము కూడా పెట్టుబడిలో భాగమే. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత జిల్లాలో అనేక గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు లేని నాడు ఈ వ్యాపారం లేదు. వాయిదా మాత్రం ఆగదు. కనీసం మూడు నెలల ఖర్చును చేతిలో ఉంచుకోకుండా ఉన్నదంతా యంత్రం మీద పెట్టడం దుస్సాహసం.

రుణం కంటే ముందు శిక్షణ

ప్రభుత్వ పథకాల ఆసరా లేకపోలేదు. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు బ్యాంకులు పూచీకత్తు లేని రుణాలిస్తున్నాయి. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం కింద గ్రామీణ ప్రాంతాల్లో సాధారణ వర్గాలకు 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర వర్గాలకు 35 శాతం రాయితీని నిర్ణయించారు. ఈ పథకాన్ని 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు కొనసాగించేందుకు కేంద్రం 2022లో ఆమోదం తెలిపింది. దరఖాస్తు చేసే నాటికి అమలులో ఉన్న నిబంధనలను జిల్లా పరిశ్రమల కేంద్రంలో తెలుసుకోవాలి. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు ఉచితం. దీనికి దళారులకు డబ్బు ఇవ్వనవసరం లేదు. సేవల రంగంలో వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటేవరకు సాధారణంగా జి.ఎస్.టి. నమోదు అక్కరలేదు. పంచాయతీ అనుమతి, తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి వాణిజ్య కనెక్షన్ మాత్రం తప్పవు. కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు తమ కేంద్రానికి ఎంతవరకు వర్తిస్తాయో షెడ్డు వేయకముందే విచారించుకోవాలి.

రాయితీ ఉందని అవసరానికి మించిన ప్రాజెక్టు పెట్టడం మరో ఉచ్చు. రాయితీ పోను మిగిలిన అప్పును వడ్డీతో సహా తీర్చవలసింది లబ్ధిదారుడే. అసలైన మొదటి మెట్టు బ్యాంకు గుమ్మం కాదు, మరొకరి సర్వీసింగ్ షెడ్డు. శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో బాగా నడిచే కేంద్రంలో మూడు నాలుగు నెలలు పనివాడిగా చేరితే నాజిల్ మార్చడం నుంచి ఖాతాదారుతో మాట్లాడడం వరకు అన్నీ చేతికి అబ్బుతాయి. ఆ మూడు నెలల్లో ఒక నెల వానాకాలంలోది అయితే మరీ మంచిది. గిరాకీ లేని రోజు ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. ఆ తరువాత పాత యంత్రం ఒకటి కొని డాబాలు కడిగే పనితో మొదలుపెట్టి, గిరాకీని చూసుకుని షెడ్డు వేసుకోవచ్చు.

ఇందులో యంత్రాంగం చేయవలసిందీ ఉంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల సంస్థ, రెండు బ్యాంకుల చొరవతో మొదలైన శిక్షణ నమూనాయే నేడు జిల్లాల్లో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలుగా విస్తరించింది. ఉచిత భోజన వసతులతో శిక్షణ ఇచ్చే ఈ సంస్థల ద్వారా వాహనాల శుభ్రత, పంపుల మరమ్మతు, విద్యుత్ భద్రత, మురుగునీటి తొట్టె నిర్మాణం, ఖాతాపుస్తకం నిర్వహణలను కలిపి ఒక చిన్న కోర్సుగా నేర్పితే ఎన్నో కుటుంబాల పొదుపు నిలుస్తుంది. రుణం మంజూరుకు ముందే నీటి పరీక్ష నివేదికను, మురుగు తొట్టె నమూనాను బ్యాంకులు అడిగితే ఊరి చెరువులకూ రక్షణ కలుగుతుంది. పంచాయతీలు సైతం అనుమతి ఇచ్చేటప్పుడే ఈ షరతులు పెట్టవచ్చు.

క్షీరసాగర మథనంలో కుంగిపోతున్న మందర పర్వతాన్ని అడుగున నిలిచి మోసినది కూర్మమని పురాణగాథ. ఏ వ్యాపారానికైనా పైకి కనిపించే ధార కంటే అడుగున మోసే ఆధారమే ముఖ్యం. నీటి వ్యాపారంలో ఆ ఆధారం నేర్పు, నిదానం, లెక్క. అవి ఉన్నవారికి సొంత ఊళ్లోనే నాలుగు వేళ్లు లోపలికి వెళ్తాయి. అవి లేకుండా దిగినవారికి మాత్రం కొత్త యంత్రం షెడ్డులో తుప్పు పడుతుండగా మళ్లీ వలస రైలే దిక్కవుతుంది.